పడుగు లేని వీధి

భిక్షపతి చనిపోయిన పెళ్లాంతో కలిసి రోజూ పొద్దున్నే మగ్గానికెక్కించే పడుగు దారాలు సాగదీస్తున్నాడని మా నేత వీధిలో చెప్పుకుంటారు. ఇప్పుడు వీధిలో పడుగు పరిచేవాళ్లే లేరు. అయినా నడుమ దారాలు తగులుతాయన్నట్టు ఆయన ఒక అంచునే ఈ కొస నుంచి ఆ కొసకు నడుస్తాడు. రెండో అంచున మరో మనిషికి చోటు వదులుతాడు.

నిన్న పక్కింటి యాదమ్మ చీపురుతో ఆ చోట్లోనే నిలబడి, "ఏం బావా, అండాలక్క వచ్చిందా?" అని ఎకసెక్కమాడింది.

"వచ్చింది. నువ్వు జర పక్కకు జరుగు," అన్నాడు.

యాదమ్మ నవ్వబోయి, జరిగింది.

రోజంతా మగ్గం గుంటలో కూర్చునే ఆయనకు తిన్నది అరిగేది కాదు. రోజూ నడవమని చిట్యాల దవాఖానలో చెప్పారు. ఒంటరిగా నడవడానికి సిగ్గైతే తోడొస్తానని అండాలు రోజూ పిలిచేది. ఈ నడక మొదలయ్యాక రెండు జొన్నరొట్టెలు తిన్నా కడుపు బరువెక్కడం లేదు. ఆమె బతికుండగా మాత్రం ఒక్క పొద్దు కూడా ఆయన ఆ గుంటలోంచి లేచి ఆమె వెంట వెళ్లలేదు.