పొరుగింటి పళ్లెం, నిబంధనల పుస్తకం

నెబ్రాస్కాలోని లిండెన్‌ఫోర్డ్ ఊళ్లో ఆర్లన్ వెస్సెలీ ఇల్లెక్కడని ఎవరినడిగినా ముందు నవ్వుతారు. దారి చూపించడం ఆ తర్వాతి సంగతి. ఆ నవ్వులో మూడు పాళ్లు వేళాకోళం, ఒక పాలు గౌరవం. ఇరవయ్యారేళ్లుగా ఆయన ఆ ఊరి కాలేజీ క్రీడావిభాగంలో నిబంధనల అధికారి. హైస్కూలు పిల్లలను తమ జట్లలోకి ఆకర్షించే పనిలో కాలేజీవాళ్లెవరూ హద్దు మీరకుండా చూడటమే ఆయన ఉద్యోగం.

ఆ హద్దులన్నీ నాలుగు వందల పైచిలుకు పుటల పుస్తకంలో ఉన్నాయి. అందులో వాక్యానికి కర్త ఒక పుటలో కనిపిస్తే, క్రియ కోసం మరుసటి పుట దాకా ఓపిక పట్టాలి. మధ్యలో 'అయినప్పటికీ'లు, 'మినహాయింపుగా'లు కాలికి అడ్డం పడుతుంటాయి. అటువంటి గద్యాన్ని ఇష్టపడి చదివిన మనిషి ఆ జిల్లా మొత్తానికి ఆర్లన్ ఒక్కడే. దాని సారం మాత్రం చిన్నదే. తొమ్మిదో తరగతిలో అడుగుపెట్టిన ప్రతి ఆటగత్తె 'కాబోయే కళాశాల క్రీడాకారిణి' అవుతుంది. ఆనాటి నుంచి కాలేజీ ఉద్యోగి ఎవరూ ఆమెకు గాని, ఆమె ఇంటివారికి గాని బహుమతి ఇవ్వరాదు, భోజనం పెట్టరాదు, కారులో ఎక్కించుకోరాదు. మా కాలేజీకి రమ్మని శిక్షకులు తప్ప మరొకరు నోరెత్తరాదు. ఈ గీత దాటితే కాలేజీకి జరిమానాతో సరిపోదు, ఆ పిల్లకు ఆడే అర్హతే పోవచ్చు.

ఇంతవరకూ చిక్కు లేదు. చిక్కల్లా కంచె అవతల ఉంది. పక్కింటి రమోనా కుచెరా కూతురు బ్రిన్, ఆరడుగుల రెండంగుళాల పిల్ల, వాలీబాల్‌లో ఆ రాష్ట్రమంతా చెప్పుకునే ఆటగత్తె అయి కూర్చుంది. పాకే వయసులో ఆర్లన్ వంటింట్లో గరిటెలతో ఆడుకున్న పిల్లే. ఆయన భార్య జనెట్ ఉన్న రోజుల్లో సగం భోజనాలు ఆ ఇంట్లోనే చేసిన పిల్ల. ఆ పిల్ల తొమ్మిదో తరగతిలో చేరిన రోజున ఆర్లన్ కంచె దగ్గర నిలబడి, "నేటి నుంచి మన మధ్య కొన్ని మార్పులుంటాయి" అని గంభీరంగా ప్రకటించాడు. తల్లీకూతుళ్లు ఆయనకేదో జబ్బు చేసిందనుకున్నారు.

మార్పులు చిన్నవి కావు. బంతి కంచె దాటి తన పెరట్లో పడితే, చేత్తో విసరడం సాధన చేయించినట్టవుతుందేమోనని బూటు మొనతో దొర్లించేవాడు. ఎదురుపడితే పలకరించవచ్చు గాని ఆగి మాట్లాడకూడదన్నది శిక్షకుల కోసం రాసిన నియమం. దాన్ని ఆయన తనకూ అంటగట్టుకున్నాడు. కిరాణా దుకాణంలో బ్రిన్ ఎదురై, "బాగున్నారా మిస్టర్ వీ?" అంటే, తోపుడుబండి ఆపకుండా, "పలకరింపు అందింది" అని సాగిపోయేవాడు. వేసవి చివర ఊరంతా తోటలో మిగిలిన జుకినీ అనే దోసజాతి కాయల్ని ఇరుగుపొరుగు కార్లలో చెప్పకుండా పడేసి పారిపోతుంటే, ఆర్లన్ మాత్రం తన కాయల్ని తానే తిని, తినలేనివి మట్టిలో కలిపేవాడు.

ఇక పళ్లెం సంగతి. ఆ ఊళ్లో రాయని నియమం ఒకటుంది: పొరుగింటి నుంచి వంటకంతో వచ్చిన పళ్లెం ఖాళీగా తిరిగి వెళ్లరాదు. కడిగి, ఆరబెట్టి, ఏదో ఒకటి నింపి పంపాలి. ఖాళీ పళ్లెం గుమ్మంలో పెట్టడమంటే ఇక మన మధ్య రాకపోకలు చాలునని చెప్పడమే. అందుకే మూడేళ్లుగా ఆర్లన్ ఒక ఉపాయం పాటించాడు. రమోనా ఏదైనా తెస్తే గుమ్మంలోనే తన గిన్నెలోకి మార్చుకుని, ఆమె పళ్లేన్ని అక్కడికక్కడే మెట్ల పక్క కుళాయి కింద కడిగి చేతికిచ్చేవాడు. పళ్లెం గడప దాటలేదు గనుక దానికి బదులు మర్యాద వర్తించదని ఆయన వాదం.

బ్రిన్ హైస్కూలు ఆఖరి ఏడాదిలో చేరిన ఆగస్టు చివర్లో ఆర్లన్ మోకాలికి శస్త్రచికిత్స జరిగింది. మందుల మత్తులో ఆయన నిద్రపోతుండగా రమోనా వచ్చి, కోడిమాంసమూ బంగాళాదుంపలూ కాల్చిన పెద్ద గాజుపళ్లెం వంటగట్టు మీద పెట్టి వెళ్లిపోయింది. ఆయన మేలుకుని చూసేసరికి జరగవలసింది జరిగిపోయింది. వంటకం దివ్యంగా ఉంది, నాలుగు రోజులు తిన్నాడు. అయిదో రోజు పళ్లెం కడిగి బోర్లిస్తే, అడుగున టేపు మీద రమోనా తల్లి చేతిరాతలో 'కుచెరా' అని ఉంది. ఆయనకు మోకాలి నొప్పి పోయి తలనొప్పి పట్టుకుంది. నింపి ఇస్తే పిల్ల ఆటకు ముప్పు, ఖాళీగా ఇస్తే ముప్పయ్యేళ్ల పొరుగుకు ముప్పు.

ఆ నిబంధనల పుస్తకం వేసే క్రీడాసంఘం కార్యాలయానికి ఫోన్ చేశాడు. అవతల ఒక యువతి ఎత్తి సంగతంతా వింది.

"పళ్లెంలో ఏం పెడదామనుకుంటున్నారు సార్?"

"కొలాచీలు. మధ్యలో పండ్లగుజ్జు పెట్టి కాలుస్తాం చూడండి, అవి. మా ఆవిడ లెక్క ప్రకారం పన్నెండు."

"ఆ అమ్మాయి తింటుందా?"

"కొలాచీ వద్దనే పిల్ల మా జిల్లాలో ఇంకా పుట్టలేదండి."

"అయితే వాళ్లమ్మగారికిచ్చి, కూతురికి పెట్టొద్దని చెప్పండి."

"ఇంటివాళ్లకి కూడా ఇవ్వకూడదు కదా. నూట ముప్పై ఏడో పుట, కింది నుంచి మూడో పంక్తి."

కాసేపు కాగితాల చప్పుడు. "సార్, ఇంత వివరంగా ఇక్కడ మాకే తెలీదు. మీరు రాసి పంపండి, మూడు వారాల్లో జవాబిస్తాం."

జవాబు అయిదు వారాలకు వచ్చింది. అందులో ఒకే వాక్యం: 'ఖాళీ పళ్లేన్ని తిరిగి ఇవ్వడానికి అభ్యంతరం లేదు.' ఆ వాక్యం రాసినవారు ఎక్కడో నగరంలో, కాగితపు పళ్లేలలో తినేవారై ఉంటారని ఆర్లన్ నిట్టూర్చాడు.

అక్టోబరు రెండో వారంలో ఆయనకొక ఆలోచన వచ్చింది. కాబోయే క్రీడాకారిణికి కాలేజీ పంపదగిన వస్తువులు పుస్తకంలో కొన్ని ఉన్నాయి. ముద్రించిన సమాచారపత్రం వాటిలో మొదటిది. 'ప్రవేశానికి కనీస మార్కులు, ధ్రువపత్రాలు' అనే ఎనిమిది పుటల కరపత్రాన్ని పళ్లెంలో నీటుగా పరిచి, శుభ్రమైన తువ్వాలు కప్పి, రమోనా గుమ్మంలో పెట్టి వచ్చాడు. పళ్లెం ఖాళీ కాదు, నియమం చెడలేదు. ఆ పూట చాలా రోజుల తర్వాత కడుపునిండా తినడానికి కూర్చున్నాడు.

ఆయన భోజనం పూర్తికాక ముందే తలుపు దబదబలాడింది. గుమ్మంలో రమోనా, ఆమె చేతిలో పళ్లెం, పళ్లెంలో కరపత్రం.

"ఏంటిది ఆర్లన్?"

"సమాచారం."

"నేను కోడి, బంగాళాదుంప, రెండు రకాల చీజ్ పెట్టి తెచ్చాను. నువ్వు కనీస మార్కులు పెట్టావు. నా కూతురికి మార్కులు రావనా?"

"అయ్యో, అది కాదు రమోనా, పంపదగిన వస్తువుల్లో..."

"వెస్ట్ ప్లాట్ కాలేజీ వాళ్ల కోచ్ మొన్న మా సోఫాలో గంటన్నర కూర్చుని బ్రిన్ ఆడిన ఒక్కో ఆటా వర్ణించింది. మీ కోచ్ టాలీ కూడా వచ్చి బాగానే మాట్లాడింది. పక్కింటోడివి, మూడేళ్లుగా నీ నోట్లోంచి ఒక్క మంచిమాట లేదు. ఖాళీగా ఇచ్చినా ఏదో మతిమరుపులే అనుకునేదాన్ని." పళ్లెం ఆయన చేతుల్లో పెట్టేసింది. "నవంబరు పదిహేనున మా అమ్మకి ఎనభయ్యైదు నిండుతాయి. ఆ రోజుకి ఈ పళ్లెం కావాలి. అప్పటిలోగా మనిషన్నవాడు ఇచ్చినట్టు ఇస్తే తీసుకుంటా. లేకపోతే నీ దగ్గరే ఉంచుకో, నీ పుస్తకం పెట్టుకోడానికి పనికొస్తుంది."

మర్నాడు ఈ వార్త కాలేజీకి పాకింది. వాలీబాల్ శిక్షకురాలు టాలీ ఓకర్‌మన్ ఆయన గదిలోకి వచ్చి తలుపు వేసింది.

"ఆర్లన్, ఆ పిల్ల కోసం నేను రెండేళ్లుగా రోడ్ల మీద తిరుగుతున్నా. నువ్వేమో వాళ్లమ్మకి కరపత్రం వడ్డించావట."

"నిబంధన ప్రకారమే వడ్డించాను."

"పోనీ, కొలాచీలు పెట్టేయరాదూ? ఎవడు చూస్తాడు?"

"నేను చూస్తాను" అన్నాడు ఆర్లన్. ఈ మాట అన్నందుకు ఆయన గర్వపడలేదు సరికదా, ఆ క్షణంలో తనమీద తనకే కాస్త విసుగు కలిగింది.

నవంబరు పన్నెండున, బ్రిన్ తన కాలేజీని ఎంచుకునే రోజున, హైస్కూలు వ్యాయామశాలలో బల్ల వేసి, దాని మీద వివిధ కాలేజీల టోపీలు పేర్చారు. ఏ టోపీ పెట్టుకుని సంతకం చేస్తే ఆ కాలేజీ. ఆర్లన్ చేతికర్రతో చివరి వరుసలో నిలుచున్నాడు. బ్రిన్ లిండెన్‌ఫోర్డ్ ఎర్రటోపీ వైపు ఒక్క క్షణం చూసి, వెస్ట్ ప్లాట్ వారి పచ్చటోపీ తీసి తలమీద పెట్టుకుని సంతకం చేసింది. చప్పట్లు మోగాయి. టాలీ ఎటో చూస్తూ చప్పట్లు కొట్టింది. ఆ పిల్ల ఎర్రచొక్కాలో ఎగిరి బంతి కొట్టడం చూడాలని ఆర్లన్‌కెంత ఆశో పుస్తకంలో ఏ పుటకూ తెలియదు.

కారు దాకా కుంటుతూ నడిచేసరికి ఆయనకు మూడు వందల రెండో పుట గుర్తుకొచ్చింది. మరొక కాలేజీకి సంతకం చేసిన క్రీడాకారిణి ఆ క్షణం నుంచి మనకు కాబోయే క్రీడాకారిణి కాదు. ఆర్లన్ కారు తలుపు పట్టుకుని ఆగిపోయాడు. అయితే బ్రిన్ ఇప్పుడు ఎవరు? పక్కింటి పిల్ల. వట్టి పక్కింటి పిల్ల.

ఇంటికి వెళ్లి, పుట మరోసారి సరిచూసుకుని, పిండి కలిపాడు. జనెట్ రాసిపెట్టిన కొలతల ప్రకారం పన్నెండు కావలసినవి ముప్పయ్యారు అయ్యాయి. సగం గసగసాలవి, సగం ఆప్రికాట్‌వి. సూర్యుడు గోదాముల వెనక్కి వాలే వేళకు, గోపురంలా పేర్చిన పళ్లేన్ని రెండు చేతులా పట్టుకుని, కర్ర లేకుండా, కంచె పక్కనుంచి నడిచాడు.

రమోనా తలుపు తీసి, పళ్లేన్ని చూసి, ఆయన్ని చూసింది.

"ఓడిపోయినందుకు ఇంత వండావా?"

"ఇప్పుడు వండొచ్చు గనుక వండాను. ఇప్పుడు మాట్లాడొచ్చు కూడా." ఆర్లన్ పళ్లెం ఆమె చేతికిచ్చాడు. మూడేళ్లుగా దాచిన మాట అప్పుడు బయటికి వచ్చింది. "బ్రిన్ మన కాలేజీలో ఆడితే చూడాలని ఈ ఊళ్లో నాకున్నంత కోరిక ఎవరికీ లేదు. కోచ్‌కి కూడా లేదు."

రమోనా లోపలికి తిరిగి, "బ్రిన్, విన్నావా? మనిషికి నోరొచ్చింది" అని కేకేసింది.

పచ్చటోపీతోనే వచ్చిన బ్రిన్ ముందు ఒక కొలాచీ అందుకుంది. "మీరు ముందే చెప్పినా అక్కడికే వెళ్లేదాన్ని మిస్టర్ వీ. నేను పశువుల డాక్టరు చదవాలి. మీ కాలేజీలో పశువుల చదువే లేదు."

"లేదు" అన్నాడు ఆర్లన్, బరువు దిగినవాడిలా. "ఆ సంగతి కరపత్రంలో అయిదో పుటలో ఉంది."

"అమ్మ తిప్పి తెచ్చేలోపు అక్కడే చదివాను" అంది బ్రిన్, నోటినిండా గసగసాలతో.

రమోనా నవ్వు ఆపుకోలేక పళ్లెం లోపలికి పట్టుకెళ్లింది. ఆర్లన్ తిరిగి తన పెరట్లో అడుగుపెట్టాడో లేదో, బంతి కంచె దాటి వచ్చి ఆయన బూటు దగ్గర ఆగింది. అలవాటుగా కాలు ముందుకు వెళ్లింది. ఆయన దాన్ని వెనక్కి లాక్కున్నాడు. వంగి, మోకాలు మూలుగుతుండగా బంతిని రెండు చేతులా ఎత్తి, మూడేళ్ల బలమంతా కూడగట్టి విసిరాడు. అది కంచె దాటలేదు. ఆయన తోటలోనే, ఎండిన జుకినీ తీగల మధ్య పడింది.

"పర్లేదు మిస్టర్ వీ" అని కంచె పైనుంచి తల కనిపించేలా నిలబడి అంది బ్రిన్. "మోచేతులు వంచకుండా ఇంకోసారి వెయ్యండి. నేను నేర్పిస్తా. మా వైపు నుంచి ఏ రూలూ అడ్డం లేదు."

ఆర్లన్ ఆ విషయంలో ఏ పుటా గుర్తుచేసుకోకుండా, బంతి కోసం తీగల్లోకి నడిచాడు.