మూడో ‘చాలు’

డూలా అనే మాట మొదటిసారి విన్నప్పుడు నాకు డోలాయమానం గుర్తొచ్చింది. ఏడో నెల దాకా నా పరిస్థితి అదే కాబట్టి మాట బాగానే కుదిరిందనుకున్నాను. మా అమ్మకైతే ఫోన్లో సరిగ్గా వినపడక, "పురిటికి డోలు వాయించే మనిషెందుకే?" అంది.

అమ్మ వీసా ఇంకా ప్రాసెసింగ్‌లోనే ఉంది. మా ఆయన ఇక్కడ కెనడాలో, కిచెనర్ అనే ఊళ్ళో సాఫ్ట్‌వేర్ ఆఫీసులో పని చేస్తాడు. కాన్పుల గురించి వీడియోలు పెట్టుకుని గదిలో కూర్చునేవాడు, పాలిపోయిన ముఖంతో బయటికొచ్చేవాడు. ఇతన్ని నమ్ముకుని లాభం లేదని ఒక డూలాని మాట్లాడుకున్నాం. యాభై దాటిన కెనడా మనిషి. గుమ్మం దగ్గర బూట్లు విప్పి, సంచిలోంచి ఊలు మేజోళ్ళు తీసి తొడుక్కుని లోపలికొచ్చేది. డాక్టరు కాదు, నర్సు కాదు. పరీక్షలు చేయదు, మందులివ్వదు. నొప్పులప్పుడు పక్కన ఉంటుంది, నడుం పడుతుంది, ఊపిరి ఎలా తీసుకోవాలో చెబుతుంది, పురుడయ్యాక కొన్ని వారాలు ఇంటికొచ్చి చూస్తుంది. మా అమ్మ చేయాల్సిన పనే. కాకపోతే మా అమ్మలా మధ్యలో ఏడవదు.

నాకు ఒక్కటే పట్టుదల. నొప్పి తెలియకుండా నడుముకిచ్చే ఆ ఇంజెక్షన్, ఎపిడ్యూరల్, కావాలో వద్దో నేనే తేల్చుకోవాలి. ఏదైనా సరే, ఆ మాట నా నోటినుంచే రావాలి. మా ఇంట్లో నన్ను సుకుమారి అని వెక్కిరించేవాళ్ళు. వేలికి పుల్ల గుచ్చుకుంటే నా కేక వీధి చివరిదాకా వినపడేదట. ఇంటర్లో గ్రూపు నాన్న ఎంచారు, సంబంధం మామయ్య తెచ్చారు, కెనడాకి మా ఆయన అప్లై చేశాడు. వీటిలో దేనికీ నేను బాధపడలేదు. ఎందుకు బాధపడలేదా అని ఆ నెలల్లో తెగ బాధపడ్డాను.

ఆవిడకిది చెబితే తేలిగ్గా తీసుకోలేదు. "నొప్పుల్లో అందరూ నావల్ల కాదంటారు, ఇంజెక్షన్ ఇమ్మంటారు. ఆ మాట నువ్వంటున్నావో, నొప్పి నీచేత అనిపిస్తోందో నాకెలా తెలుస్తుంది? మనిద్దరికీ ఒక గుర్తు మాట పెట్టుకుందాం. పొరపాటున కూడా నోటికి రానిదై ఉండాలి. అది వింటే నేనింక మళ్ళీ అడగను, వెళ్ళి నర్సుని పిలుస్తాను" అంది.

కాసేపు ఆలోచించి "చాలు" అన్నాను. ఆస్పత్రిలో అంతా ఇంగ్లీషే కదా, తెలుగు మాటైతే తప్పిజారి రాదనుకున్నాను. ఆవిడ నోటుబుక్కులో రాసుకుని నాలుగైదుసార్లు పలికి చూసుకుంది. మా ఆయన సోఫాలోంచి, "మంచి మాట పట్టినవ్" అని మెచ్చుకున్నాడు. ఇద్దరు తెలుగువాళ్ళం ఉన్నాం ఆ గదిలో. చాలు అనే మాట మనం రోజుకెన్నిసార్లు, ఎంత అబద్ధంగా అంటామో ఒక్కరికీ తట్టలేదు.

నొప్పులు ఒక ఉదయం మొదలయ్యాయి. మధ్యాహ్నానికి నేను ఆస్పత్రి మంచం అంచు పట్టుకుని, కింద పార్కింగ్‌లో మంచు తోసే బండి ముందుకీ వెనక్కీ పోవడం చూస్తున్నాను. ఆవిడ రెండు గంటలుగా నా నడుం నొక్కుతూనే ఉంది. నోరెండిపోతోందంటే గ్లాసులో ఐసుముక్కలు తెచ్చి ప్లాస్టిక్ చెంచాతో పెట్టింది. ఒక చెంచా తిన్నాను, రెండోదీ తిన్నాను. ఇంకోటి పెదవుల దగ్గరికొచ్చేసరికి నొప్పి కూడా వచ్చింది.

"చాలు" అన్నాను.

చెంచా ఆగిపోయింది. ఆవిడ నా కళ్ళలోకి చూసి, గ్లాసు బల్ల మీద పెట్టి, బయటికి వెళ్ళింది.

ముందు నర్సు వచ్చింది, కాసేపటికి మత్తు డాక్టరు వచ్చాడు. ఏమేం జరగొచ్చో అన్నీ చెప్పి, ఇవ్వమంటారా అని అడిగాడు. నేను ఆవిడ వంక చూశాను, ఇక తప్పదు కాబట్టే పిలిపించిందేమో అని. ఆవిడ నా వంక చూసింది, నువ్వడిగావు కాబట్టే కదా అన్నట్టు. మా ఆయన మా ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. డాక్టరు గారు ఎదురుగా నిలబడి అడుగుతుంటే వద్దనడం నాకెవరూ నేర్పలేదు. "ఓకే" అన్నాను. కాసేపటికి నా కాళ్ళు నావి కాకుండా పోయాయి, ప్రాణం కుదుటపడింది. చీకటి పడకముందే పాప పుట్టింది.

ఇంటికొచ్చాక అమ్మ వీడియో కాల్‌లో పాపను చూసి, ఏడ్చి, ముక్కు ఎవరిదో తేల్చి, ఆ తర్వాత అడిగింది.

"నడుముకి సూది వేయించుకున్నావా?"

"ఆ."

"నువ్వే అడిగావా?"

నేను పాప దుప్పటి సర్దాను. "పోన్లే, నువ్వంతసేపు ఓర్చుకోవడమే గొప్ప" అంది అమ్మ. నాకు ఒళ్ళు మండింది.

మా ఆయన్ని నిలదీశాను. "ఐస్ చాలన్నవ్ అనుకున్న నేనైతే" అన్నాడు.

"మరి అప్పుడెందుకు చెప్పలేదు?"

"ఆమె లేచి పోతుంటే, అది కోడ్ వర్డ్ కదా అని యాదికొచ్చింది. అన్నది నువ్వు. దేనికన్నవో నీకు తెల్వదా?"

నాకు తెలియదు. పాలిస్తున్నంతసేపూ అదే ఆలోచన. ఒకరోజు ఐసుకి పళ్ళు జివ్వుమనడం గుర్తొచ్చేది, అయితే అది ఐసు గురించే. మర్నాడు ఆ నొప్పి గుర్తొచ్చేది, అబ్బే, ఐసు కానే కాదు. ఇలా తేలక, పాప డైపరు మార్చానో లేదో కూడా మర్చిపోయేదాన్ని.

రెండో వారంలో ఆవిడ వచ్చింది. పాపకి స్నానం చేయించడంలో సాయం పట్టి, నన్ను గంటసేపు నిద్రపొమ్మంది. లేచాక భోజనానికి కూర్చోబెట్టాను. మా ఆయన వండిన పప్పూ, బీరకాయ కూరా. అన్నం వడ్డిస్తుంటే "చాలు" అంది, తనకొచ్చిన ఒకే ఒక్క తెలుగు ముక్క. ఇంకో గరిటె వేశాను. "చాలు" అని చెయ్యి అడ్డం పెట్టింది. చెయ్యి పక్కనుంచి ఇంకొంచెం వేశాను. మూడోసారి కాస్త గట్టిగా అంది. అప్పుడు ఆపాను.

"చాలంటే ఆపమని కాదా?" అని నవ్వింది.

"మొదటిది మర్యాదకి. రెండోది మొహమాటానికి. మూడోదే నిజం" అన్నాను, మా ఇంటి పద్ధతి.

ఆవిడ నవ్వు ఆగిపోయింది. చెంచా కింద పెట్టింది.

"ఆ రోజు నువ్వు ఒక్కసారే అన్నావు."

నేను గరిటె గిన్నెలో పెట్టేశాను. "నేను తప్పుగా విన్నానా?" అంది మెల్లగా. ఎంత నొప్పిలోనూ నన్ను తొణకనివ్వని మనిషి, ఇప్పుడు జవాబు కోసం నా వంకే చూస్తోంది. రెండు గంటలు నా నడుం నొక్కిన ఆ చేతులు పళ్ళెం పక్కన ఊరికే పడి ఉన్నాయి. నాకు చాలా జాలేసింది.

"లేదు" అన్నాను. "అది మూడోదే. మొదటి రెండూ లోపలే అనుకున్నాను."

ఆవిడ ఊపిరి వదిలి, పళ్ళెం దగ్గరికి లాక్కుంది. ఆ మాట నాకెలా వచ్చిందో తెలియదు. అలా చెప్పమని ఎవరూ చెప్పలేదు.

మర్నాడు పొద్దున్నే అమ్మకి ఫోన్ చేశాను. "నేనే అడిగాను" అన్నాను.

"ఏంటే?" అంది. తను అడిగిన సంగతే మర్చిపోయింది.

"సూది. నేనే అడిగాను."

ఫోన్ గరగరమంది. సరిగ్గా వినపడలేదు, మళ్ళీ చెప్పమంది. మూడోసారి చెప్పేసరికి నాకూ నిజమే అనిపించింది.