కుడిచేతికి డాలు

జర్మనీలో మేముండే కొలోన్‌లో ఒక మ్యూజియంలో కాగితం మీద అచ్చేసిన పాతకాలపు యుద్ధాల బొమ్మలు పెట్టారంటే ఆదివారం పాపను తీసుకెళ్లాను. దానికి ఎనిమిదేళ్లు. అంతకు వారం ముందే దాన్ని కొట్టాను. అదేమీ మొదటిసారి కాదు.

కారణం చెప్పుకోవాలన్నా సిగ్గే. ఎడమచేత్తో అన్నం తింది. నాదీ పుర్రచేతివాటమే. చిన్నప్పుడు మా నాన్న ఆ చేతిమీద గరిటె కాల్చి పెట్టి మాన్పించాడు. ఇప్పుడు తినేది, రాసేది అంతా కుడిచేత్తోనే. కోపంలో లేచేది మాత్రం ఎడమచెయ్యే. ఆ రోజు పాప పెదవి చిట్లి పెరుగన్నంలో రక్తం పడింది.

"మీ చెయ్యి పడిపోను! పసిదాన్ని చంపేస్తారా ఏంటి?" అంటూ మా ఆవిడ అడ్డం వచ్చింది.

మ్యూజియం గోడలమీద సైనికులు ఆడవాళ్లను జుట్టు పట్టి ఈడుస్తున్నారు, కొంపలు తగలబెడుతున్నారు. ఒక బొమ్మలో కింద పడ్డవాడి గుండెమీద కాలు పెట్టి ఒకడు కత్తి ఎత్తాడు. పడ్డవాడు డాలు అడ్డం పెట్టుకున్నాడు. డాలు మీది సింహం ధైర్యానికి గుర్తనీ, నేలమీద వదిలేసిన డాలు ఓటమికి గుర్తనీ గైడ్ పిల్లలకు చెబుతోంది.

"డాలు ఎడమచేతికి కదా ఉండాలి. ఇతనికి కుడిచేతికి ఎందుకుంది?" అని గైడ్ పిల్లలను అడిగింది.

పాప జర్మన్‌లో టక్కున చెప్పింది: "కొట్టేవాడిది ఎడమచెయ్యి కదా. దెబ్బ ఈ బుగ్గమీదికే వస్తుంది." కుడిచెయ్యి మడిచి మొహానికి అడ్డం పెట్టి చూపించింది కూడా.

పిల్లలు నవ్వారు. గైడ్ కూడా నవ్వి, రాగిరేకు మీద చెక్కిన బొమ్మ కాగితం మీద తిరగబడి అచ్చవుతుందనీ, అందుకే సైనికులంతా పుర్రచేతివాళ్లయ్యారనీ చెప్పింది. "అయినా నీకెలా తట్టిందమ్మా ఇది?"

పాప నావైపు ఒకసారి చూసింది. "ఊరికే" అంది.

నా ఎడమచెయ్యి కోటు జేబులో ఉంది. రైలెక్కేదాకా బయటికి తీయలేదు.

ఆ రాత్రి భోజనాల దగ్గర మంచినీళ్ల జగ్గు కోసం ఎడమచెయ్యి చాపాను. పాప కుడిచెయ్యి గబుక్కున పైకి లేచింది. మా ఆవిడ వడ్డించడం ఆపేసింది.

"ఇంకెప్పుడూ కొట్టను తల్లీ. నీకు ఏ చెయ్యి వీలైతే ఆ చేత్తోనే తిను" అన్నాను.

పాప నా చేతివైపు చూసి, ఎడమచేత్తో ముద్ద కలుపుకుంది. తిన్నంతసేపూ కుడిచెయ్యి మాత్రం బుగ్గకు అడ్డంగానే ఉంచుకుంది.