తొర్రూరు గోదాములో మసకబారిన అంకెలు

జిల్లాలు విడిపోయిన మరుసటేడు, వానాకాలానికి ముందు, జనగామలోని ఒక విత్తనాల కంపెనీలో నేను సీనియర్ ప్రోగ్రామర్‌ని. తొర్రూరు, భూపాలపల్లి గోదాముల కంప్యూటర్లూ నా బాధ్యతే. గోదాముల్లో వాడేది టెర్మినల్ ప్రోగ్రాం. బొమ్మలు, బటన్లు లేని నల్లటి తెర మీద వరుసగా అక్షరాలు, అంకెలు. తెర సమానమైన గళ్లుగా ఉంటుంది, ఒక్కో అక్షరం తన గడిలోనే ఇమడాలి. రైతుల పేర్లలోని ఒత్తులు ఆ గడి దాటి కింద తెగిపోయేవి. అంచులు మెట్లుమెట్లుగా కనిపించేవి.

సరిచేస్తానని రెండేళ్లలో ఏడు నోట్లు రాశాను. "అక్షరాలకు గీ సోకులేందయ్యా? నువ్వు ప్రోగ్రామర్‌వా, బోర్డులు రాసేటోనివా?" అని మేనేజరు మీటింగులో నవ్వాడు. అతనితో పాటు ఎవరెవరు నవ్వారో ఇప్పటికీ చెప్పగలను. ఎనిమిదో నోటుకు అనుమతి వచ్చింది. గడి ఎత్తు పెంచి ఒత్తులను కాపాడాను. అంచుల వెంట బూడిదరంగు చుక్కలు చేర్చి మెట్లను కప్పేసే నునుపు పద్ధతినీ పెట్టాను. నా కొత్త మానిటర్ మీద అచ్చు పుస్తకంలా ఉంది. రెండు గోదాములకూ పంపించాను.

నెల తిరక్కుండానే తొర్రూరులో మొలక పరీక్ష తప్పిన బస్తాలు మంచి విత్తనంలో కలిశాయి. ఏ విడత విత్తనమో చెప్పే లాటు నంబరును తెర మీద చూసి బస్తాకు చీటీ రాసేది సునీత. గూడూరు దగ్గరి తండా మనిషి. ఇల్లు ఆమె జీతం మీదే నడిచేది. ఆమెను తీసేయాలని మేనేజరు నిర్ణయించి, నివేదిక రాసుకురమ్మని నన్ను పంపాడు.

కుర్చీలో కూర్చుని తెర చూశాను. "మంచిగనే కనబడ్తుంది గదమ్మా" అన్నాను.

"కూసుంటె నాకూ కనబడ్తది సార్. గీడ కూసునేటోళ్లెవరు? జర గా కాంటా కాడ నిలబడి చదువుండ్రి."

కాంటా ఎనిమిది అడుగుల దూరంలో ఉంది. బస్తా తూకం ఎక్కగానే అక్కడి నుంచే నంబరు చదివి చీటీ రాయడం ఆ గోదాము రివాజు. దూరానికి ఆనాలని పాత మానిటర్‌ను తక్కువ చుక్కలతో, పెద్ద అక్షరాలతో పెట్టుకున్నారు. ఆ కొద్ది చుక్కల మధ్య ఖాళీలను నా నునుపు బూడిదతో నింపేసింది. పది నంబర్లు చదివితే మూడు తప్పాను.

"సారును గూడ ఇంటికి పొమ్మంటరా ఏంది?" అన్నాడు హమాలీ ఎల్లయ్య.

సునీత నవ్వలేదు. ఒక నోటుబుక్కు చూపించింది. 3 ఏదో, 8 ఏదో తెలియక తెర దాకా నడిచి చూసిన ప్రతిసారీ రాసి పెట్టింది. షట్టర్లోంచి ఎండ పడే వేళకు గుర్తు వేరే. ఇన్నేళ్ల ఉద్యోగంలో అంత పద్ధతైన పరీక్ష నేను చేయలేదు.

"మూడుసార్లు ఫోన్ చేసిన సార్. సమస్య లేదని రాసి ఫిర్యాదు మూసిండ్రట."

మూసింది నేనే.

అప్పటికప్పుడు నునుపు తీసేశాను. ఆమె కాంటా దగ్గర నిలబడి చదువుతుంటే అంకెల మందం మార్చుకుంటూ పోయాను. యాభై నంబర్లు ఒక్క తప్పు లేకుండా చదివాకే ఆమె చాలంది. భూపాలపల్లికీ అదే పెట్టాను.

తప్పు ఆపరేటర్‌ది కాదు, నాది అని నివేదిక రాశాను. మేనేజరు దాన్ని తొక్కిపెడతాడని తెలుసు కనుక డైరెక్టరుకు ఒక ప్రతి పంపాను. సునీత ఉద్యోగం నిలిచింది. నాకు మెమో వచ్చింది. మేనేజరు ఆమెకు ఇవాళ్టిదాకా క్షమాపణ చెప్పలేదు.

చదివే మనిషి ఎక్కడ నిలబడతారో అక్కడి నుంచే అక్షరాన్ని పరీక్షించాలని ఆ రోజు నేర్చుకున్నాను. తర్వాత రిటైరయ్యేదాకా ఏ ఫిర్యాదునూ ఫోన్ మీద మూయలేదు.