అర్లీన్ ముందున్న గుట్ట

అర్లీన్ లాస్ వేగస్‌లో నడుం పడిపోయేదాకా పేక ముక్కలు పంచి రిటైరైంది. ఓడిన ప్రతివాడూ ఆ పాపం పంచినదానిదే అన్నట్టు ఆమెను తిట్టేవాడు. నోరు మూసుకుని పడేది, పడక ఏం చేస్తుంది! ఏటా జరిగే పోకర్ పెద్ద పోటీలో ఒక్కసారైనా కూర్చుని ఆడాలని ఆమె ఆశ. ప్రవేశ రుసుము ఏనాడూ పోగుపడలేదు.

ఆ మధ్యాహ్నం ఆ ఆశ చేతికందేంత దగ్గరికొచ్చింది. కాసినో ఒక చిన్న పోటీ పెట్టింది. చివరికి మిగిలే ఎనిమిది మందికీ పెద్ద పోటీలో తలా ఒక సీటు. పందెం బిళ్ళలన్నీ పోయినవాడు ఊడినట్టే; మిగిలినవాళ్ళకి ఎక్కువున్నా తక్కువున్నా అదే సీటు. ఇప్పుడు తొమ్మిది మంది ఉన్నారు. అందరికంటే పెద్ద బిళ్ళల గుట్ట అర్లీన్ ముందే ఉంది. ఇక ఏ ముక్కలొచ్చినా పందెం కాయకుండా పడేస్తూ, ఎవరో ఒకరు ఊడేదాకా కూర్చుంటే చాలు. పక్కన ముసలి క్లైడ్ దగ్గర నాలుగు బిళ్ళలే ఉన్నాయి. అతని పని దాదాపు అయిపోయినట్టే.

గుట్టలో ఆమె తర్వాతివాడు డ్వైట్. ఈ దశలో ఎవరూ తెగించరని వాడికి తెలుసు. అందుకే ప్రతిసారీ ఉన్నదంతా ముందుకు తోస్తాడు. అందరూ భయపడి పడేశాక తన చెత్త ముక్కలు తిప్పి చూపిస్తాడు.

"అంత గుట్ట పెట్టుకుని ఏం చేస్తావ్ అర్లీన్? దిండు కుట్టించుకుంటావా?"

టేబులంతా నవ్వింది.

"పడేసెయ్ డార్లింగ్. పంచడం, పడెయ్యడం తప్ప నీకింకేం వచ్చు గనక!"

ఈసారీ డ్వైట్ ఉన్నదంతా తోశాడు. కానీ ఆమె చేతిలో రెండు రాజులున్నాయి, దాదాపు గెలిచే ముక్కలు. వాటినీ పడేయాలని ఆమెకు తెలుసు. తెలిసీ ఒళ్ళు మండిపోయింది.

"చూపించరా, చూద్దాం!" అంటూ గుట్టంతా తోసింది.

డ్వైట్ మొహం పాలిపోయింది. ఆ ఒక్క క్షణం ఎంత హాయిగా ఉందో ఆమెకే తెలుసు. వాడి దగ్గర ఒక ఆసు, ఒక తొమ్మిది. బల్ల మీద చివరిగా తిరగేసిన ముక్క కూడా ఆసే; ఆసుల జత రాజుల జతను కొట్టేసింది. గుట్ట వాడి ముందుకు పోయింది. ఆమెకు మిగిలిన రెండు బిళ్ళలూ తర్వాతి ఆటలో తప్పనిసరి పందెం కింద పోయాయి.

"నీకేమన్నా పిచ్చా?" డ్వైట్ ఈసారి వెటకారం లేకుండానే అడిగాడు. "ఊరికే కూర్చున్నా సీటు నీదే కదా!"

క్లైడ్ వచ్చి ఆమె రెండు చేతులూ పట్టుకున్నాడు. "నీ పుణ్యమా అని నాకు సీటొచ్చింది తల్లీ."

ఆ మాట డ్వైట్ వెక్కిరింతలన్నిటికంటే లోతుగా దిగింది. "నీకోసం కాదు క్లైడ్. నేనూ ఉన్నానని ఒక్కసారి చూపిద్దామనుకున్నా," అంది.

క్లైడ్ అప్పటికే పెళ్ళాంతో ఫోనులో మాట్లాడుతున్నాడు. "నేనేం చెయ్యలేదే! ఊరికే కూర్చున్నా. ఎవరో ఒకావిడ తనంతట తనే ఊడింది."