ఆర్విల్లా చెడగొట్టిన కుర్చీ

అమెరికాలోని డులూత్‌లో నా కత్తులు సానపట్టే కొట్టూ ఆర్విల్లా నిస్కనెన్ కుర్చీల కొట్టూ పక్కపక్కనే. మధ్యలో ఒక్క చెక్క గోడ. ఆవిడ సుత్తి చప్పుడు వినకుండా నాకు ఇరవై ఏళ్లలో ఒక్క రోజూ గడవలేదు.

పాత సోఫాలకూ, హోటల్ కుర్చీలకూ, పడవల సీట్లకూ కొత్తగా పట్టీలు బిగించి, స్ప్రింగులు కట్టి, పైన గుడ్డ వేసి ఇవ్వడం ఆవిడ పని. ఎవరి దగ్గరా నేర్చుకోలేదు. చెడిపోయిన సోఫాలు విప్పి, ఎవడు ఎలా కట్టాడో చూసి నేర్చుకుంది. ఐదేళ్లలో సీటు కుంగితే డబ్బు వాపసు. పని నచ్చితే సీటు అడుగున సంతకం పెడుతుంది. నచ్చకపోతే విప్పి మళ్లీ కడుతుంది. సంతకం లేని సీటు ఆ కొట్టు గడప దాటదు.

ఆర్విల్లాకి అరవై మూడేళ్లప్పుడు, ఒక ఫిబ్రవరి పొద్దున, కిరాణా సరుకులు దించే వ్యాను చూసుకోకుండా వెనక్కి వచ్చి ఆవిణ్ణి మంచులో పడేసింది. కుడి మణికట్టు రెండు చోట్ల విరిగింది. ఆసుపత్రిలో ఇనుప పలక వేసి మరలు బిగించారు. వ్యాను తాలూకు ఇన్సూరెన్సు కంపెనీ పదకొండు వేల డాలర్లు ఇస్తాం, సంతకం పెట్టమంది. చేతిలో పట్టు లేదు. పట్టీ గట్టిగా లాగలేకపోతే ఆవిడ పని అయిపోయినట్టే. ఆ చేతి ఖరీదు పదకొండు వేలేనా అన్నదే మా గొడవ.

నేనే లాయర్ కెస్లర్ దగ్గరికి తీసుకెళ్లాను. నలభై ఏళ్లవాడు, చొక్కా ఎప్పుడూ నలిగి ఉంటుంది.

"మీరు ఇప్పుడేం ఇవ్వక్కర్లేదమ్మా. గెలిస్తే నాకు మూడో వంతు. కోర్టులో దావా వేయాల్సి వస్తే నూటికి నలభై. ఓడిపోతే నాకేమీ రాదు" అన్నాడు.

"ఉత్తినే పనిచేసేవాణ్ణి నేను నమ్మను నాయనా."

"ఉత్తినే కాదమ్మా. మీ గెలుపు మీద పందెం కాస్తున్నాను, అంతే."

ఆర్విల్లా అగ్రిమెంటును సీటు విప్పినట్టే విప్పింది. "డాక్టరు కాగితాలకీ తపాలాకీ అయ్యే ఖర్చులు ముందు తీసి మిగిలినదాంట్లో మూడో వంతా? లేక మొత్తంలో నీ వంతు తీసుకుని, ఖర్చులు నా వాటాలోంచా?"

కెస్లర్ నవ్వాడు. "లాయర్లు కూడా ఇంత సూటిగా అడగరు. మొత్తంలోంచి అని ఉంది. సరే, ముందు ఖర్చులే తీసేద్దాం." కొట్టేసి పక్కన రాశాడు.

"ఓడితే ఆ ఖర్చులు?"

"నా నెత్తినే."

సంతకం ఎడమ చేత్తో పెట్టింది. కానీ ఆవిడకి నిద్ర పట్టలేదు. వేరేవాడు తన కోసం నెలల తరబడి పనిచేస్తుంటే చేతులు ముడుచుక్కూర్చునే మనిషి కాదు. మే నెలలో ఒకరోజు కెస్లర్ కోర్టుకి వెళ్లినప్పుడు నాచేత బండి తీయించుకుని అతని ఆఫీసుకి వెళ్లి, అక్కడి కిర్రుమనే కుర్చీ ఎత్తుకొచ్చింది.

"చెయ్యి నయం కాలేదు కదా ఆర్విల్లా" అన్నాను.

"నువ్వు కత్తులు చూసుకో ఆర్నీ."

గోడ అవతల సుత్తి మూడు రోజులు మోగింది, ఎప్పుడూ లేనంత తడబడుతూ. నాలుగో రోజు కుర్చీ వెళ్లిపోయింది. సీటు కింద సంతకం లేదని నేను చూశాను.

అక్టోబరులో ఇరుపక్షాలూ కూర్చుని రాజీ మాట్లాడుకోవాలనుకున్నారు. దానికి వారం ముందు అవతలి లాయరు లాంగ్డేల్ ఒక ఫోటో పంపాడు. ఆవిడ కొట్టు కిటికీలోంచి మే నెలలో ఎవరో తీసిన ఫోటో: కుడిచేత్తో సుత్తి ఎత్తిన ఆర్విల్లా. కెస్లర్ మా వీధికి పరిగెత్తుకొచ్చాడు.

"చెయ్యి పనికిరాదని నేను రాస్తుంటే మీరు సుత్తి పట్టుకుంటారా?"

"నీకు ఊరికే రుణపడి ఉండకూడదని..."

"నా కుర్చీ వల్లా ఇదంతా!" కాసేపు తల పట్టుకున్నాడు. తర్వాత మెల్లగా అన్నాడు. "ఆ కుర్చీలో కూర్చుంటే నా మోకాళ్లు గడ్డానికి తగులుతున్నాయి. మీరు బాధపడతారని చెప్పలేదు. దాన్ని రాజీ మాట్లాడే చోటికి తీసుకెళ్దాం. మీ చెయ్యి ఏపాటిదో అదే చెబుతుంది."

"ససేమిరా వద్దు. నలభై ఏళ్ల పేరు నాది. ఊరంతా చూసి నవ్వడానికా?"

"సరే. మీ ఇష్టం" అని లేచాడు. గుమ్మం దగ్గర నేనే ఆపి అడిగాను, ఓడితే అతనికి పోయేదెంత అని. "ఎనిమిది నెలల పని, చేతినుంచి పెట్టిన మూడు వేలు" అన్నాడు. ఆవిడ వినాలనే అడిగాను. వింది.

"ఒక పనివాడి కూలి ఎగ్గొట్టేదాన్నా నేను?" అని గొణిగింది. "ఆర్నీ, ఆ రోజు బండి తియ్యి. కుర్చీ పట్టుకెళ్దాం."

రాజీ కుదర్చడానికి వచ్చింది ఒక రిటైర్డు జడ్జిగారు. లాంగ్డేల్ ఫోటో బల్లమీద పెట్టాడు. "విరిగిన చెయ్యి ఇంత ఎత్తున సుత్తి లేపుతుందా?"

"ఆ సుత్తి చేసిన పని ఇదుగో. కూర్చోండి" అన్నాడు కెస్లర్.

లాంగ్డేల్ కూర్చున్నాడు. పట్టీలు మూలిగాయి, మనిషి సగం కనబడకుండా పోయాడు. జడ్జిగారు నవ్వాపుకోడానికి పెదవి కొరుక్కున్నారు. నేనూ కెస్లరూ చెరో చెయ్యి పట్టి పైకి లాగాం.

లాంగ్డేల్ కోటు సర్దుకుని, "ఇది ఈవిడే చేసిందని ఏమిటి రుజువు? ఈవిడ ప్రతి సీటు కిందా సంతకం పెడుతుందట, ఊళ్లో ఎవర్నడిగినా చెబుతారు. దీనికేదీ?" అని కుర్చీ బోర్లించాడు.

ఆర్విల్లా మొహం ఎర్రబడింది. వంగి ఆ వంకర మేకులు చూసింది.

"కలం ఇయ్యి నాయనా" అంది కెస్లర్‌తో. మోకాళ్ల మీద కూర్చుని, వదులు పట్టీ మీద, వణికే కుడిచేత్తో పేరు రాసింది. "ఇది నేను చేసిందే. నేను చేసినవాటిలో ఇంత చెత్త సీటు ఇంకోటి లేదు. ఈ చేత్తో నాకిప్పుడు ఇంతే వచ్చు."

ఆ తర్వాత ఎవరూ నవ్వలేదు. సాయంత్రానికి ఎనభై నాలుగు వేలకి కుదిరింది, దావా వేయకుండానే. ఖర్చులు మూడు వేలు ముందు తీస్తే ఎనభై ఒకటి. కెస్లర్‌కి ఇరవై ఏడు, ఆవిడకి యాభై నాలుగు. అందులోంచి ఆసుపత్రి బిల్లు కట్టిన ఆరోగ్య బీమావాళ్లకి తొమ్మిది తిరిగిపోయింది.

"అగ్రిమెంటులో ఆ ఒక్క ముక్క మార్పించడం వల్ల మీకు వెయ్యి మిగిలిందమ్మా" అన్నాడు కెస్లర్, కాస్త దిగులుగా.

ఆ డబ్బుతో ఏడాదిపాటు చేతికి కసరత్తులు చేయించుకుంది, గాలితో పట్టీ బిగించే యంత్రం కొంది. మొట్టమొదట చేసిన పని కెస్లర్ కుర్చీ విప్పడం. పట్టీలు యంత్రం లాగింది, మేకులు తనే కొట్టింది. ఈసారి గోడ అవతల సుత్తి మునుపటిలాగే మోగింది. అడుగున కొత్త సంతకం పెట్టి, కుర్చీ తీసుకెళ్లి అతని ముందు దించింది.

కెస్లర్ కూర్చుని, లేచి, మళ్లీ కూర్చున్నాడు. "ఎంత ఇవ్వమంటారు?"

"ఇప్పుడేం ఇవ్వక్కర్లేదు నాయనా. ఐదేళ్లు కూర్చో. కుంగితే నాకేమీ వద్దు."