బేరం లేని దుకాణం

మొన్న మా కోడలు బజారు నుంచి కొత్త కప్పులు తెచ్చింది. అట్టపెట్టెలోంచి ఎండుగడ్డి తీసి ఒక్కొక్కటే బల్లమీద పెడుతుంటే నా చేయి ఊరుకోలేదు. ఒక కప్పు అందుకుని అంచుమీద గోటితో కొట్టాను. టంగుమంది. ఆ మోత సాగి సాగి ఆగేదాకా విన్నాను. "అడిగినంతా ఇచ్చేసినవా?" అంటే, "ఫిక్స్‌డ్ రేటు అత్తమ్మా, బేరం లేదక్కడ" అంది. బేరం లేదన్న మాట వింటే నాకు ఇప్పటికీ లోపల ఎక్కడో కలుక్కుమంటుంది. పిసినారితనం అంటారు మా ఇంట్లో. కొంత అదే. మిగతాది ఎస్తేరమ్మ టీచర్ పెట్టిపోయినది.

ఆమెది గుంటూరు వైపు. మారేడ్‌పల్లిలో రెండు గదుల పెంకుటింట్లో ఒక్కరే ఉండి, సాయంత్రాలు వరండాలో ఇంగ్లీషు చెప్పేవారు. మాది సికింద్రాబాద్ బజారులో బట్టల దుకాణం. సర్కారు మారితే ఉర్దూ కాగితాల చోట ఇంగ్లీషు కాగితాలు వస్తాయనీ, ఇంట్లో ఒకరికైనా చదవడం రావాలనీ మా నాయిన నన్ను ఆమె దగ్గరికి పంపాడు. ఆమె చెప్పిన ఫీజు మరీ తక్కువ. తగ్గించమని అడగడానికి చోటే లేకపోయిందని ఆయన చాలా రోజులు నొచ్చుకున్నాడు. టీచర్‌కు బేరం బొత్తిగా రాదు. ఏ దుకాణంలోనైనా అడిగినంతా ఇచ్చేవారు. ఆమె గొడుగు కనబడితే చాలు, బజారంతా లేచి నిలబడేది. అది తన చదువు మీద గౌరవమని ఆమె నమ్మకం.

పాఠం చెప్పే పద్ధతి మాత్రం ఎవరికీ లొంగేది కాదు. ఏ క్రియ వచ్చినా మూడు ప్రశ్నలు అడిగేవారు. ఎవరు చేస్తారు, దేన్ని చేస్తారు, అయిపోయిందని ఎలా తెలుస్తుంది? మూడింటికీ జవాబు చెప్పందే ఆ మాటతో వాక్యం రాయనిచ్చేవారు కాదు.

నిజాం రాజ్యం మీద పోలీసు చర్య జరిగి కొన్ని వారాలైంది. పత్రికల నిండా ఒకే మాట: రీబిల్డ్. రాష్ట్రాన్ని తిరిగి కట్టాలి, ఊళ్లను తిరిగి కట్టాలి. టీచర్ ఆ మాటనే ఆ రోజు పాఠంగా తీసుకున్నారు. "పగిలిన కప్పును అతికిస్తాం. దానికి ఈ మాట వాడం. ఒకప్పుడు నిలబడి ఉన్నది పడిపోతే, మళ్లీ దాని కాళ్లమీద అది నిలబడేటట్టు చేస్తే అప్పుడు వాడతాం" అన్నారు. నేను ఆలోచించకుండా రాసేశాను: మేము ఖాదర్ కాకా దుకాణాన్ని రీబిల్డ్ చేశాము.

ఖాదర్ కాకాది మా పక్క దుకాణం, పింగాణీ సామాను. జనగామ వైపు నుంచి వచ్చిన కుటుంబం, ఇంట్లో కూడా తెలుగే. ఆ గడబిడ రోజుల్లో ఆయన పెళ్లాంపిల్లల్ని తీసుకుని అల్వాల్‌లో చుట్టాలింట్లో తలదాచుకున్నాడు. తిరిగొచ్చేసరికి ఎవరో, ఎక్కడివాళ్లో, తలుపులు విరగ్గొట్టి అలమరలు బోర్లదోసి పోయారు. అంగడంతా పింగాణీ పెంకులు. బజారువాళ్లమంతా చేయి వేశాం. తలుపులు బిగించాం, గోడలకు సున్నం కొట్టాం. అలమరలకు చెక్కలు మా నాయిన ఇచ్చాడు, మా గోదాములో పుచ్చినవి ఏరి మరీ. కొత్త సరుకు వచ్చింది, దుకాణం తెరుచుకుంది. అందుకే నా వాక్యం మీద నాకంత ధీమా.

టీచర్ దాన్ని కొట్టెయ్యలేదు. "మూడో ప్రశ్నకు జవాబు నీ దగ్గర లేదమ్మాయ్. ఆయన్నడిగి రా" అన్నారు.

వెళ్లి అడిగాను. కాకా గల్లాపెట్టె వెనక చేతులు ముడుచుకుని కూర్చున్నాడు.

"దుకాణం ఏడున్నది బిడ్డా? ఇది ఖైరాత్‌ఖానా అయింది, దానధర్మాల కొట్టు. నేను ఎంతంటే అంత, నోరు మెదపకుండ ఇచ్చిపోతున్నరు. నిన్న మీ నాయిన సుత ఇచ్చిండు. మీ నాయిన బేరం చెయ్యకుండ కొన్నడంటే నేను సచ్చినట్టే లెక్క గద. షోలాపూర్ల మా బామ్మర్ది ఉన్నడు. ఈ నెల దాటినంక తాళమేసి పోతం."

ఆ మాటలు పూసగుచ్చినట్టు టీచర్‌కు చెప్పాను. "జాలిపడి మనమే తప్పు చేశాం. దీనికి మందు నాకు రాని విద్య. నీకు వచ్చు కదా?" అన్నారు. నా బేరాన్ని ఒకరు విద్య అనడం అదే మొదటిసారి. అంతకుముందు ఎంతమంది ఏమేమన్నారో ఇక్కడ రాయను.

మర్నాడు ఇద్దరం వెళ్లాం. నేను అంగడి మెట్టెక్కాను. టీచర్ కిందే గొడుగుతో నిలబడ్డారు.

"గీ కప్పెంత కాకా?"

"నీకు తోచింది ఇయ్యి."

"నాకు తోచింది చెప్తే నువ్వు ఏడుస్తవు. ధర చెప్పు."

చెప్పాడు. గోటితో కొట్టి చూశాను. "మోగుతలేదు, దగ్గుతున్నది. సగానికియ్యి."

"ఏందీ?" కాకా మొదటిసారి తలెత్తాడు. కప్పు లాక్కుని తనే కొట్టాడు. "జెర చెవులు తెరిచి ఇను. గిది దగ్గుడా? మీ నాయిన చీరెలు ఒక్క ఉతుకుకే ఎలిసిపోతయి, నువ్వొచ్చి నా మాలుకు పేరు పెడుతవా?"

"ఎలిసిపోతయని ఎరుకనే. అందుకే నేను కట్ట. సగం."

"సగానికి మట్టిముంత వస్తది, పో."

కింద టీచర్ నోరు తెరిచారు. పాపం, ఇచ్చెయ్యవే అనబోయి కష్టంమీద ఆపుకున్నారు. నేను కప్పు పెట్టేసి మెట్టు దిగి నడిచాను. బేరంలో ప్రాణం ఉండేది అక్కడే. కొనేవాళ్లు వెనక్కి చూడకూడదు, అమ్మేవాడు పిలవకుండా ఉండకూడదు. కాకా దుకాణం మళ్లీ తెరిచినప్పటి నుంచి అలా దిగిపోయినవాళ్లూ లేరు, ఆయన పిలిచిందీ లేదు. మా దుకాణం దాటాను. మిఠాయి దుకాణమూ దాటుతున్నాను. పిలుపు లేదు. పక్కనే నడుస్తున్న టీచర్ నా వైపు వంగారు.

"పిలుస్తాడంటావా?"

"తిరిగి చూడకండి టీచర్."

అప్పుడు వెనకనుంచి వచ్చింది, బజారంతా వినబడేలా. "ఓ పిసినారీ, ఇటు రా. నడుమ ధర చెప్త, తీస్కపో. పొద్దుగాల్నే నీ మొఖం చూసిన, ఏం జేస్త."

టీచర్‌కు ఉత్సాహం ఆగలేదు. తనూ మెట్టెక్కి సాసరొకటి పట్టుకుని గట్టిగా తన ధర చెప్పారు. అది కాకా అడగబోయేదానికంటే ఎక్కువ. "టీచరమ్మా, మీరు పాఠాలు చెప్పుకోండ్రి" అని ఆయన పడీపడీ నవ్వాడు. సాయంత్రానికి మా నాయిన కూడా ఆ అంగట్లో ఒక జాడీ కోసం గొంతు చించుకుంటున్నాడు. షోలాపూర్ మాట కాకా మళ్లీ ఎత్తలేదు.

ఆ రోజు నా వాక్యం మార్చి రాశాను: ఖాదర్ కాకా తన దుకాణాన్ని రీబిల్డ్ చేసుకున్నాడు. "ఎవరు అన్నదగ్గరే కదా నీ తప్పు" అన్నారు టీచర్, అంతే. మెచ్చుకోవడంలో మాత్రం ఆమె మా నాయినకంటే పిసినారి.

చాలా ఏళ్లకు ఆమెకు పక్షవాతం వచ్చి మంచం పట్టారు. చూడ్డానికి వెళ్తే గదినిండా పాత విద్యార్థులు, అందరూ పసిపిల్లతో మాట్లాడినట్టు మెత్తగా మాట్లాడుతున్నారు. ఆమె గోడవైపు తిరిగి పడుకున్నారు. నేను మంచం పక్కన నిలబడి, "టీచర్, పగిలిన కప్పుకు కూడా రీబిల్డ్ అనొచ్చట. మీరే మాకు తప్పు చెప్పినట్టున్నారు" అన్నాను. గదిలోవాళ్లు నన్ను కొరకొరా చూశారు. నేను గుమ్మంవైపు నడిచాను, వెనక్కి చూడకుండా.

"ఏయ్ అమ్మాయ్." మాట ముద్దగా ఉంది, అయినా కోపం స్పష్టంగానే ఉంది. "ఇటు రా. ఎవరు చెప్పారు నీకు?"

ఎవరింట్లో కష్టమొచ్చినా నేను ఇప్పటికీ అలాగే చేస్తాను. వాళ్లతో ఉన్న పాత తగువొకటి బయటికి తీసి, నాలుగు మాటలని, లేచి గుమ్మంవైపు నడుస్తాను. పిలుపు వినబడేంత మెల్లగా.